సమస్యాపూరణం: కథలు పెక్కైన సినిమాకు కథయె లేదు

ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో ఒక పాదం; అది చివర వచ్చేలా మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయాలి. పూరణ పంపినవారిని వారి ఊరి పేరుతోనే పిలుస్తున్నాం. అండర్‌కవర్ ఏజెంటు సినిమాల మీదే పూరించాలి.

కథలు పెక్కైన సినిమాకు కథయె లేదు

తెనాలి పూరణ:

తండ్రి వేగుల పెద్ద, యా తల్లి దొంగ,
అన్న మాఫియా, తమ్ముడే యసలు గూఢ
చారి, చెల్లెలి పెళ్ళిలో జరుగు ఫైటు:
కథలు పెక్కైన సినిమాకు కథయె లేదు.

నిర్వాహకుడు: తెనాలి గారూ, కుటుంబం మొత్తాన్నీ రంగంలోకి దింపేశారు! మూడో పాదంలో ‘చా’కి ‘జ’తో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) చక్కగా కుదిరింది. ‘యా తల్లి’లో ‘ఆ’ మాత్రం పాదం నిండడానికి వచ్చిందే, ఏ తల్లో మనకి తెలియదు. ‘పెద్దయౌ, తల్లి దొంగ’ అంటే సరిపోతుంది. అభినందనలు.

సిద్దిపేట పూరణ (పద్యాలు రాయడం కొత్త, తప్పులుంటే చెప్పండి):

దొంగ పోలీసు, పోలీసు దొంగ యయ్యె
నిమిషమున కొక్క మలుపుతో కథ నడిచెను
చూడ వచ్చిన మాకేమొ సున్న మిగిలె
కథలు పెక్కైన సినిమాకు కథయె లేదు.

నిర్వాహకుడు: మొదటి పాదం అచ్చంగా ‘సాహో’ (2019). అండర్‌కవర్ పోలీసు అనుకున్న ప్రభాస్ దొంగగా తేలతాడు, దొంగ అనుకున్న నీల్ నితిన్ ముకేశ్ అసలు పోలీసు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మీదట సినిమావాళ్ళు వారసుడి కథ కూడా ఎత్తుకున్నారు. ఇక రెండో పాదం. ‘ని’కి ‘క’తో యతి చెల్లదు, దానికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. అంతకన్నా పెద్ద చిక్కు అర్థంలో ఉంది. ‘కథ నడిచెను’ అని మీరే చెప్పి, రెండు పాదాలు దాటగానే ‘కథయె లేదు’ అంటే అన్వయం ఎలా కుదురుతుంది? సవరించండి.

సిద్దిపేట: ధన్యవాదాలు సార్. ఇలా మార్చాను: ‘నిమిషమున కొక్క మలుపుతో నిద్ర వచ్చె’.

తెనాలి: తమ్ముడూ, ఇది దెబ్బ! మలుపు మలుపుకీ ఉలిక్కిపడాల్సిన చోట నిద్ర తెప్పించావు.

బే ఏరియా పూరణ:

చేతిలో స్క్రిప్టు లేకయే సెట్టు కేగ
రోజు కొక సీను రాయుచు రోజు గడుప
కోట్లు మంటలఁ బోసిన గొప్ప యేమి
కథలు పెక్కైన సినిమాకు కథయె లేదు.

2023 ఏప్రిల్ 28న వచ్చిన ‘ఏజెంట్’ మనసులో పెట్టుకుని రాశాను. పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలెట్టడం తప్పేనని నిర్మాత అనిల్ సుంకర గారే బాహాటంగా చెప్పుకున్నారు.

నిర్వాహకుడు: ఆయన అలా ఒప్పుకోవడం పెద్దమనసే. పద్యం నిర్దోషం. అయితే మొదటి మూడు పాదాలూ ‘కథ లేదు’కి కారణం చెప్పాయి గానీ, ‘కథలు పెక్కైన’ అన్న ముక్కని పట్టించుకోలేదు. సమస్యలో సగమే తీరింది.

విశాఖ పూరణ:

వేగు వెదకిన దేమిటో వెండితెరకె
తెలియ దొక చిప్పొ యొక బాంబొ తెలుప రెవరు
పాత్ర పాత్రకు గతమొండు బలపడ నుప
కథలు పెక్కైన సినిమాకు కథయె లేదు.

బే ఏరియా: అబ్బ, ‘ఉప’! నాకు తట్టనే లేదు.

నిర్వాహకుడు: విశాఖ గారూ, నమస్కారం. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపలేదు, మూడో పాదం చివర రెండక్షరాలు పెట్టారు, వైరుధ్యం పోయింది. ఉపకథలు పెక్కయ్యాయి కాబట్టే కథ లేదు. ఈ సినిమాల జబ్బు కూడా సరిగ్గా ఇదే. విలన్‌కి బాల్యం, వాడి కుడిభుజానికి ప్రేమ, పైఅధికారికి చనిపోయిన కొడుకు, హీరోకి పాట. ఇన్నీ చూపించేసరికి గూఢచారి శత్రువుల గూట్లోకి ఎందుకు దూరాడో మనమే మర్చిపోతాం. దొరికిపోతాడేమోనన్న భయం ప్రేక్షకుడిలో ఉండాలి. ఆ భయమే అసలు కథ, దాన్ని ఫ్లాష్‌బ్యాక్ కింద పాతేస్తున్నారు. ‘చిప్పొ, బాంబొ’ అని హ్రస్వాలు వాడారు, వ్యావహారికంలో నాకు అభ్యంతరం లేదు.

తెనాలి: నాకుంది! కానీ ‘ఉప’ కోసం క్షమించేస్తున్నాను.

సిద్దిపేట: సార్, ‘ఉప’ ఒక పాదంలో, ‘కథలు’ ఇంకో పాదంలో ఉండొచ్చా?

నిర్వాహకుడు: తెలుగు పద్యంలో పాదం చివర మాట విరగొచ్చు నాయనా. తెనాలి గారి ‘గూఢ / చారి’ కూడా అలాంటిదే. వచ్చే వారం ఆటవెలది, గూఢచారినే వదలొద్దు: ‘దొంగ వేషమందె దొర దొరికెను’. ఒక్కొక్కరు ఒక్క పద్యమే పంపండి. తెనాలి గారూ, మీకే చెబుతున్నా.