రంగు వేయని కొండపల్లి బొమ్మలను కిట్లుగా ఆన్‌లైన్‌లో అమ్మితే తప్పా?

బెజవాడ_పిల్ల:
మాది విజయవాడ. ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుంటే మా పాప ఎడ్లబండి చేతిలోకి తీసుకుని "దీనికి నేను రంగేస్తే బాగుండేది" అంది. అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. కొండపల్లిలో తెలిసినవాళ్ల దగ్గర రంగు వేయని ఎడ్లబండి, తాడిచెట్టు, బిందె ఎత్తుకున్న అమ్మాయి తీసుకుని, రెండు కుంచెలు, ఆరు రంగులు కలిపి కిట్‌గా అమ్ముదామని ఆలోచన. పెట్టెతో సహా నాకు 430 అవుతోంది, 799కి పెడదామనుకుంటున్నా. ఇంట్లో చెబితే మా బావగారు "వాళ్ల కళను సగంలో ఆపి నువ్వు సొమ్ము చేసుకుంటావా" అన్నారు. ఆ మాటకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మీరేమంటారు?

పొణికి_చెక్క:
మీ బావగారి మాటలో న్యాయం ఉందండీ. మా మేనమామ వాళ్లది బొమ్మల కాలనీయే. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, కాళ్లు చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తర్వాత నునుపు చేసి సుద్ద పూస్తారు. అప్పుడు గానీ రంగు పడదు. మా వాళ్లింట్లో ఆ రంగుల పని అత్తయ్యది, వదినది. మీరు రంగు తీసేస్తే పోయేది వాళ్ల కూలే. ఇంకో మాట. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, అంటే ఆ పేరు అక్కడ ఆ పద్ధతిలో చేసిన బొమ్మలకే. ఎవరో పిల్లవాడు నీలం ఎద్దు చేస్తే అదీ కొండపల్లి బొమ్మేనా?

డాలస్_పిన్ని:
నీలం ఎద్దైతే ఏమైందండీ! ఇక్కడ మా పిల్లలు కొలువులో బొమ్మల వంక చూడను కూడా చూడరు. తాము రంగేసిన బొమ్మ ఒక్కటి ఉంటే పక్కింటి వాళ్లను కూడా పిలిచి చూపిస్తారు. నేనైతే నాలుగు కొంటా. అయితే ఎద్దు కొమ్ము విరగకుండా ఇక్కడిదాకా పంపే పూచీ మీదే.

ఖాళీ_డబ్బా:
కళ సంగతి తర్వాత, ముందు కొరియర్ సంగతి చూడండి చెల్లెమ్మా. నేను చెక్క ముక్కలతో కట్టుకునే బుల్లి ఇళ్ల కిట్లు ఏడాదిన్నర అమ్మి మూసేసినవాణ్ణి. 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 15 ఎత్తు పెట్టె అనుకోండి. గుణించి 5000తో భాగిస్తే 2.25. లోపల సరుకు 600 గ్రాములే ఉన్నా చాలా కొరియర్లు రెండుంపావు కిలోలకే డబ్బులు తీసుకుంటాయి. బొమ్మ విరగకూడదని పెట్టె పెంచేకొద్దీ మీ లాభం ఆ గాలికే పోతుంది. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం పెట్టొద్దు. తలుపు దగ్గర వద్దనేస్తే రానూపోనూ ఖర్చు మనదే. ఒక కిట్‌లో కిటికీ ముక్క తగ్గిందని ఒకావిడ నాతో నెల రోజులు యుద్ధం చేసింది. 799లో మీకు నిజంగా మిగిలేది ఎంతో కాగితం మీద వేసుకున్నారా? ఎనామెల్ రంగులు కూడా వద్దు, మంట అంటుకునే సరుకని విమానంలో తీసుకోరు. నీళ్లతో కలిపే యాక్రిలిక్ అయితే గొడవ లేదు.

రూల్స్_రామం:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు ఉండాలి. చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. మీరు చేయడం లేదు, కొని డబ్బాలో పెడుతున్నారు. ఆ మినహాయింపు మీకూ ఉందనుకుని దిగకండి, ముందే అడిగి రాయించుకోండి. "పెద్దల హాబీ కిట్" అని రాసేద్దామంటారేమో, అలాగైతే పెట్టె మీద మీ పాప ఫోటో వేయకండి మరి.

బెజవాడ_పిల్ల:
ఫోటో ఆల్రెడీ తీయించేశా రామం గారూ 😀. డబ్బా అన్నయ్యా, ఇప్పుడే లెక్క వేశా. కొరియర్ నేనే భరిస్తే కిట్‌కు వంద కూడా మిగలదు. ఎడ్లబండి తీసేసి, చిన్న పెట్టెలో పట్టే తాడిచెట్టు, అమ్మాయి మాత్రమే పెడితే? ఇక పొణికి గారూ, ముడి బొమ్మకు వాళ్లు అడిగినదే ఇస్తున్నా, బేరమాడలేదు.

పొణికి_చెక్క:
బేరమాడకపోవడం మంచిదే, కానీ వాళ్లు అడిగింది దేని లెక్కలో? బొమ్మకు రంగు పూర్తయితే వచ్చే ధరలో రంగు కూలి తీసేసి చెప్పి ఉంటారు. ఆ కూలి కూడా కలిపి ఇవ్వండి, నేను నోరు మూసుకుంటా. సుద్ద కూడా వాళ్ల చేతే పూయించండి. ముడి కర్ర మీద నీళ్ల రంగు వేస్తే పీల్చేసుకుని మచ్చలు పడుతుంది, తిట్లు మీకు పడతాయి.

ఖాళీ_డబ్బా:
కూలి కలిపితే 799 చాలదు. 1,100 పెట్టాలి. కొంటారా పిన్నీ?

డాలస్_పిన్ని:
ఎడ్లబండి ఉంటే కొంటా. అది లేకుండా వద్దు.

బెజవాడ_పిల్ల:
అదే కదా ఆ పెట్టెలో పట్టనిది! సరే, శనివారం కొండపల్లి వెళ్తున్నా. బండి చక్రాలు విడిగా ఇచ్చి, మక్కుతో ఇంట్లోనే అతికించుకునేలా చేయొచ్చేమో వాళ్లనే అడుగుతా. రంగు వేసే అత్తయ్యలు ఒప్పుకుంటే వాళ్ల చేత ఒక వీడియో చేయించి, దానికీ డబ్బులు ఇద్దామని ఉంది. పొణికి గారూ, మీ మేనమామ గారింటికి రావచ్చా?

పొణికి_చెక్క:
రండి. డబ్బులు, వీడియో సంగతి మా అత్తయ్యతోనే మాట్లాడుకోండి, మధ్యలో నేను రాను. ఆవిడ ముందు మాత్రం నీలం ఎద్దు మాట ఎత్తకండి.