ఫ్లాట్ డిజైన్, స్వైప్‌లు: నీళ్ల క్యాన్ల యాప్‌లో బటన్లు మళ్లీ పెట్టాలా?

హరి_మారతహళ్లి అడిగిన ప్రశ్న:

మా మామయ్యది బెంగళూరు మున్నేకొళాలలో నీళ్ల క్యాన్ల వ్యాపారం. ఇరవై లీటర్ల క్యాన్లు, చుట్టుపక్కల పీజీలకూ అపార్ట్‌మెంట్లకూ వేస్తారు. ఎవరింటికి ఎన్ని వెళ్లాయి, ఖాళీవి ఎన్ని వెనక్కొచ్చాయి, ఎవరు బాకీ, అన్నీ ఇన్నాళ్లూ లాంగ్ నోట్‌బుక్కులోనే. ఆఫీసు అయ్యాక కూర్చుని ఆయనకో చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నాను. స్క్రీన్లు మా రూమ్మేట్ గీశాడు. వాడు డిజైనర్.

చూడ్డానికి చాలా బాగుంది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, గీతల్లేవు, నీడల్లేవు, ఫ్లాట్ డిజైన్ అంటారే, అదన్నమాట. ఒక్కో ఆర్డర్ ఒక్కో వరస. వరసని వేలితో కుడికి జరిపితే (స్వైప్) డెలివరీ అయినట్టు, ఎడమకి జరిపితే ఇంట్లో ఎవరూ లేనట్టు, నొక్కి పట్టుకుంటే ఖాళీ క్యాన్ల లెక్క. మొత్తం యాప్‌లో ఒక్క బటన్ కూడా లేదు.

డెలివరీ కుర్రాళ్లు కదిరి, రాయచూరు వైపు వాళ్లు. ఫోన్ రాని వాళ్లేం కాదు, రీల్స్ తోసి తోసి బొటనవేలు అరిగిపోయిన బాపతు. కానీ ఈ యాప్ చేతికిస్తే వరస మీద టకటకా కొడతారు, ఏమీ అవదు, మామయ్యకి ఫోన్ చేస్తారు. ఆయనేమో "దీనికంటే నా నోట్‌బుక్కే నయం కదరా" అంటున్నారు. రూమ్మేట్ మాత్రం మొదటిసారి తెరవగానే మూడు స్లైడ్లు చూపిస్తే చాలు, జెస్చర్లు (ఈ జరపడాలు, నొక్కి పట్టడాలు) సహజంగా వచ్చేస్తాయి అంటాడు. బటన్లు పెడితే యాప్ పాతకాలం సరుకులా ఉంటుందని వాడి గోల.

నిజంగా ఇవి సహజమేనా? ఏ స్వైప్ ఉంచాలి, ఏది తీసేయాలి?

శీన_ఎస్పీరోడ్ జవాబు:

తమ్ముడూ, నాది ఎస్పీ రోడ్డులో సెల్‌ఫోన్ సర్వీస్. ఊరు హిందూపురం. డిజైన్ చదువుకోలేదు గానీ, డిజైన్ వల్ల "చెడిపోయిన" ఫోన్లన్నీ చివరికి నా కౌంటర్ మీదికే వస్తాయి.

"బ్యాక్ పోయింది సార్, డిస్‌ప్లే మార్చాలా?" అంటారు. డిస్‌ప్లేకి ఏమీ కాలేదు. కొత్త ఫోన్‌లో జెస్చర్ నావిగేషన్ ఆన్‌లో ఉంటుంది. కింద మూడు బటన్ల బదులు సన్నటి గీత ఒకటి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడు బటన్ల నావిగేషన్ పెట్టేస్తే ఫోన్ "బాగుపడిపోతుంది". దానికి డబ్బులేం అడుగుతాం, ఒక టెంపర్డ్ గ్లాస్ అంటగడతాం.

ఆ గ్లాసే అసలు కథ. అంచు నుంచి లోపలికి లాగితే వెనక్కి వెళ్లడం ఆండ్రాయిడ్ 10తో, అంటే 2019లో వచ్చింది. డిజైనర్ ఫోన్‌కి కవరే ఉండదు, ఉన్నా పల్చటిది. మీ కుర్రాళ్ల ఫోన్లు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. మందం రబ్బరు కవర్, దాని గట్టు స్క్రీన్ కంటే ఎత్తు. వేలు అంచు దగ్గర మొదలవ్వాలంటే ఆ గట్టే అడ్డం. స్క్రీన్ పక్కలకి ఒంపు తిరిగిందైతే, చవక గ్లాస్ అంచుల్లో అతుక్కోదు, కింద గాలి, టచ్ అందదు. ఒకసారి పగిలి లోకల్ కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిపిన సెట్టు) వేయించుకున్న ఫోన్ అయితే ఇక చెప్పక్కర్లేదు, అంచుల్లో టచ్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నీ వరసని కుడికి లాగబోతే సగం సార్లు యాపే మూసుకుపోతుంది, ఎందుకంటే వేలు ఎడమ అంచున మొదలైతే ఫోన్ దాన్ని బ్యాక్ అనుకుంటుంది.

ఇక నీళ్లు. వేలు తగిలినప్పుడు కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణం) ఎంత మారిందో కొలిచే స్క్రీన్లివి. నీటి బొట్టు కూడా ఆ మార్పు తెస్తుంది. క్యాన్ మోసిన చెయ్యి ఎప్పుడూ తడే. తడి వేలితో ఒక్క చోట ఒక్క క్షణం నొక్కితే చాలామటుకు పని జరుగుతుంది. అదే వేలితో స్క్రీన్ సగం దాకా లాగాలంటే మధ్యలో ఒక బొట్టు చాలు, లాగుడు తెగిపోయి వరస మళ్లీ మొదటికొస్తుంది. నొక్కి పట్టుకోవడం ఇంకా ఘోరం. వేలు కాస్త జారినా స్క్రోల్ అనుకుంటుంది.

సహజమేనా అని అడిగావు. రీల్స్ తోయడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు కదా అంటాడు మీవాడు. అక్కడ వేలితో పాటే బొమ్మ కదులుతుంది, కింద నుంచి తర్వాతది తొంగిచూస్తుంది, తప్పు తోసినా పోయేదేం లేదు. నీ వరస కదులుతుందని వాళ్లకి ఎవరు చెప్పారు? తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు కనబడితే చదువుతారు, లేదా నొక్కుతారు. పక్కకి ఎందుకు లాగుతారు?

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ చూడు. మైక్ నొక్కి పట్టుకోగానే పైన తాళం బొమ్మ లేస్తుంది, పక్కన రద్దు చేయాలంటే ఎటు జరపాలో బాణం కనబడుతుంది. సిటీ మార్కెట్‌లో హమాలీలు పొద్దస్తమానం దాన్నే వాడతారు. పని చేస్తుండగానే దారి చూపిస్తుంది గనుక నడిచింది. మీవాడి మూడు స్లైడ్లు ఎవరు చదువుతారు? స్కిప్ ఎక్కడుందో వెతుక్కుంటారు.

స్వైప్ పక్షాన కూడా ఒక మాట. కాల్ ఎత్తడానికి జరపమనేది ఊరికే కాదు, జేబులో తొడకి తగిలి దానంతటదే ఎత్తేయకుండా. పొరపాటున జరిగితే నష్టమొచ్చే పనికి జరపడమే మేలు. "డబ్బు ముట్టింది" అనేదానికి బాణం గీసిన పట్టీ పెట్టి స్లైడ్ చేయించు. డెలివరీకి మాత్రం పెద్ద బటన్.

లావణ్య_హెచ్ఎస్ఆర్ జవాబు:

శీనన్నా, మీరు కవర్ల గురించి రాసింది మా ఆఫీసు గోడకి అంటించాలి. ఒక్క విషయంలో మాత్రం ఫ్లాట్‌నీ, బటన్లు లేకపోవడాన్నీ ఒకే గాటన కట్టొద్దు. (నేనూ డిజైనర్నే, మా కులం తరఫున ఆ మాత్రం మాట్లాడాలి.)

ఫ్లాట్ ఫ్యాషన్ కోసమే రాలేదు. 2010లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 7లో రంగు పలకలూ అక్షరాలతోనే పని నడిపింది. 2013లో యాపిల్ ఐఓఎస్ 7తో తోలు కుట్లు, చెక్క అల్మారాల్లా కనబడే అలంకారపు బొమ్మలన్నీ తీసేసింది. తోలు బొమ్మ ఒక సైజుకి గీస్తే ఇంకో సైజుకి అతకదు. చదును రంగూ అక్షరమూ ఏ స్క్రీన్‌కైనా సాగుతాయి. ఆ ఊపులో అలంకారంతో పాటు బటన్ చుట్టూ ఉన్న అంచు కూడా ఊడ్చేశారు. వట్టి నీలం అక్షరాలే బటన్లు అయ్యాయి. మరుసటి ఏడాదే ఐఓఎస్ 7.1లో బటన్లకి ఆకారం చూపించే "బటన్ షేప్స్" అనే ఆప్షన్ వచ్చింది, ఇప్పటికీ యాక్సెసిబిలిటీ (చూపు, చేతులు సరిగా సహకరించని వాళ్లకి సాయపడే) సెట్టింగ్స్‌లో ఉంది. 2014లో గూగుల్ తెచ్చిన డిజైన్ పద్ధతి మెటీరియల్ డిజైన్ కూడా చదునే, కానీ నీడ ఉంచుకుంది. ఏది పైన తేలుతోందో, ఏది నొక్కొచ్చో ఆ నీడ చెబుతుంది. అంటే ఫ్లాట్‌లోనే బటన్‌ని బటన్‌లా చూపించొచ్చు.

హరి గారూ, రూమ్మేట్‌తో వాదనకి ఒకటి ఇస్తున్నాను. డిజైన్లని జనంతో వాడించి చూసే సంస్థ నీల్సన్ నార్మన్ గ్రూప్ 2017లో పరీక్షిస్తే, నొక్కదగ్గవి సరిగా కనబడని పేజీల్లో జనం సగటున 22 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. అవి వెబ్ పేజీలు, యాప్‌లు కాదు. మీ రూమ్మేట్ ఆ పాయింటే పట్టుకుంటాడు, కాబట్టి ముందే చెబుతున్నా.

శీనన్న చెప్పిన అంచు గొడవ గురించి: సిస్టమ్ బ్యాక్ నుంచి కొంత మేర మినహాయింపు అడిగే వీలు ఆండ్రాయిడ్ యాప్‌లకి ఇచ్చింది గానీ, ఒక్కో అంచుకి 200 డీపీ (ఆండ్రాయిడ్ వాడే తెర కొలత) ఎత్తు వరకే. పొడుగాటి ఆర్డర్ల లిస్టుకి అది ఏ మూలకీ చాలదు. ఇంకోటి, 2018లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో (2.1 వెర్షన్) దారి గీసి చేసే ప్రతి పనికీ మామూలు నొక్కుతో చేసే మార్గం కూడా ఉండాలన్నారు. మీది వెబ్ కాకపోయినా సూత్రం అదే. స్వైప్ తీసేయక్కర్లేదు, చేయి తిరిగినవాళ్లకి షార్ట్‌కట్‌గా ఉంచండి. బటన్ మాత్రం కనీసం 48 డీపీ, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. తడి చేతులకి అంతకంటే పెద్దదే పెట్టండి.

మధు_పెరంబూర్ జవాబు:

చెన్నై నుంచి ఒక వ్యతిరేక ఓటు. మూడు బటన్లు ఇంకా వాడేవాళ్లున్నారా బాబూ! 2017లో ఐఫోన్ టెన్‌తో హోమ్ బటన్ పోయినప్పుడు కూడా జనం ఇలాగే గగ్గోలు పెట్టారు. ఇప్పుడెవరైనా అడుగుతున్నారా? ఈ బారెడు ఫోన్లలో ఎలక్ట్రిక్ ట్రెయిన్‌లో కడ్డీ పట్టుకుని నిలబడి ఒంటి చేత్తో వాడాలంటే అంచు స్వైపే దిక్కు. బొటనవేలు ఎక్కడుంటే అక్కడే బ్యాక్. కుర్రాళ్లకి వారం టైమివ్వండి, అదే వస్తుంది.

శీన_ఎస్పీరోడ్:

మధూ, అలవాటయ్యాక హాయిగా ఉంటుంది, కాదనను. నా సొంత ఫోన్‌లోనూ జెస్చర్లే. కానీ అది నీ ఫోన్, లేచింది మొదలు నీ చేతిలోనే ఉంటుంది, ఎన్నిసార్లు తప్పినా నష్టం నీకే. ఇక్కడ వారం తిరిగేసరికి ఆ కుర్రాడు పని మానేసి ఇంకో డెలివరీ కంపెనీలో చేరిపోతాడు. కొత్తవాడు వస్తాడు. హరి వాళ్ల మామయ్య ప్రతివాడికీ పొద్దున్నే టెంపోలో క్యాన్లు ఎక్కిస్తూ జెస్చర్ల పాఠం చెప్పాలా?

హరి_మారతహళ్లి:

అందరికీ థాంక్స్. ఒక్కో వరస కింద రెండు బటన్లు పెట్టాను, ఆకుపచ్చది "ఇచ్చేశాం", బూడిద రంగుది "ఇంట్లో లేరు". స్వైప్ కూడా ఉంచాను, ఎవరికీ చెప్పలేదు. రూమ్మేట్ అలిగాడు గానీ, డబ్బు దగ్గర స్లైడ్ పట్టీ వాడే గీశాడు, బాగా వచ్చింది. ఇప్పుడు కొత్త చిక్కు: "ఇచ్చేశాం"లో చ వత్తు కింద కోసుకుపోతోంది. కన్నడలో కూడా ఇదే గతి. ఫాంట్ తగ్గించనా?

లావణ్య_హెచ్ఎస్ఆర్:

తగ్గించకండి! బటన్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయేలా ఫిక్స్ చేసి ఉంటారు. మెటీరియల్ డిజైన్ మొదటి మార్గదర్శకాల్లోనే తెలుగుని హిందీ, అరబిక్, థాయ్‌లతో కలిపి ఎత్తైన లిపుల కింద వేశారు. వీటికి లైన్ హైట్, అంటే ఒక్కో వరసకిచ్చే ఎత్తు, ఎక్కువ కావాలి. ఎత్తు ఫిక్స్ చేయకుండా, పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇచ్చి వదిలేయండి, అక్షరాన్ని బట్టి బటనే పెరుగుతుంది. కుర్రాళ్లలో ఎవరైనా సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు పెంచుకున్నా అప్పుడు తెగదు.

శీన_ఎస్పీరోడ్:

రాయచూరు వాళ్లకి కన్నడ ఉండాల్సిందే, భాష మార్చే బటన్ మొదటి స్క్రీన్ మీదే పెట్టు, సెట్టింగ్స్‌లో దాచకు. ఖాళీ క్యాన్ల లెక్కకి నొక్కి పట్టుకోవడం ఇంకా ఉంచావా? దాని బదులు ప్లస్, మైనస్ పెట్టు. పొరపాటున "ఇచ్చేశాం" కొడితే వెనక్కి తీసుకునే పట్టీ కాసేపు కనబడాలి, రెండు సెకన్లలో మాయమైతే దండగ. క్యాన్ దింపి ఫోన్ చూసేసరికి అది పోతుంది.

టెస్టింగ్ నీ ఫోన్‌లో చేయకు. నా దగ్గర గీతలు పడ్డవి, కాంబో మార్చినవి పాత సెట్లు నాలుగైదు పడున్నాయి. ఆదివారం షాపు మూత, శనివారం సాయంత్రం ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పట్టుకుని రా. రూమ్మేట్‌ని కూడా తీసుకురా.