పార్టీతో పనిలేని ఓటరు కూడా పుచ్చలపల్లి సుందరయ్య గారిని ఎందుకు అభిమానిస్తాడు?

ప్రశ్న:
నేను కమ్యూనిస్టులకు ఓటు వేసేవాడిని కాను. ఆస్తి గురించి వారు చెప్పే మాటల్లో సగం నాకు మింగుడుపడవు. అయినా ఎన్నికలు వచ్చి అభ్యర్థుల మంచిచెడ్డలు చర్చకు వచ్చినప్పుడల్లా నా ఆలోచన 1985లో కన్నుమూసిన కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారి మీదికే పోతుంది. కారణం ఏమిటని పెద్దవాళ్లను అడిగితే ‘పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు’ అని చెప్పి ఊరుకుంటారు. సైకిలు తొక్కినంత మాత్రాన ఒక మనిషిని ఇన్నేళ్లు తలచుకుంటారా? ఆయనను శాసనసభకు పంపిన కృష్ణా జిల్లా గన్నవరం ఓటర్లు ఆయనలో ఏం చూసి ఉంటారు? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
సైకిలు మాట నిజమే. 1952లో రాజ్యసభకు వెళ్లి, అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించిన రోజుల నాటిది అది. కానీ మీ ప్రశ్నకు అసలు జవాబు 1955లో ఉందని నా అభిప్రాయం. ఆంధ్ర రాష్ట్రంలో అధికారం తమదేనన్న ధీమాతో బరిలోకి దిగిన కమ్యూనిస్టు పార్టీకి ఎదురుగా కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటై నిలబడేసరికి, దానికి ఓట్లు దండిగానే పడినా, 196 స్థానాల్లో 15తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతటి ఎదురుగాలిలోనూ గన్నవరం ఆయనను గెలిపించింది. ఆయన అక్కడివాడు కూడా కాదు. పుట్టింది నెల్లూరు జిల్లా అలగానిపాడులో. 1962లోనూ, పార్టీ చీలిన చాలాకాలానికి 1978లోనూ అదే నియోజకవర్గం ఆయనను మళ్లీ శాసనసభకు పంపింది. సుందరరామిరెడ్డి అన్న పేరులోంచి కులాన్ని తీసేసుకున్న మనిషిని, కులం లెక్కలు బాగా తెలిసిన జిల్లా మూడుసార్లు ఎన్నుకోవడం చిన్న విషయం కాదు.

రెండవ జవాబు:
పై మిత్రుడితో పూర్తిగా ఏకీభవించలేను. కృష్ణా జిల్లాలో పార్టీకి అప్పటికే బలమైన పునాది ఉంది. గెలుపంతా వ్యక్తి ఖాతాలో వేస్తే ఊరూరా పనిచేసిన కార్యకర్తలకు అన్యాయం చేసినట్టే. పైగా, 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసిన తరువాత కూడా 1951 అక్టోబరు దాకా తెలంగాణలో సాయుధ పోరాటాన్ని కొనసాగించిన నాయకత్వంలో ఆయన ముఖ్యుడు. ఆ మూడేళ్ల రక్తపాతాన్ని పక్కన పెట్టి నిరాడంబరత్వాన్ని మాత్రమే పొగిడితే, అది అభిమానమే కానీ అంచనా కాదు.

మూడవ జవాబు:
ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే ఆ పోరాటాన్ని ఆయన దాచిపెట్టలేదు. దాని మంచిచెడ్డలను వివరిస్తూ 1972లో పెద్ద పుస్తకమే రాశారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ తరువాతి పని. 1974లో, చీలిక తరువాత తాను ఉన్న సీపీఎంకు అఖిల భారత స్థాయిలో ప్రధాన కార్యదర్శిగా ఉంటూనే, గుంటూరు జిల్లాలోని అనంతవరం, కాజ గ్రామాలలో ఆర్థిక సామాజిక సర్వే చేయించారు. భూమి ఎవరి చేతిలో ఎంత ఉంది, కౌలుకు చేసేవారెవరు, కూలి మీద బతికేవారెవరు అన్నవి సిద్ధాంత గ్రంథాల్లో కాకుండా ఊళ్లోనే తేల్చుకోవాలనుకున్నారు. ఆ పని ఎంత పక్కాగా జరిగిందంటే, మూడు దశాబ్దాల తరువాత పరిశోధకులు అదే అనంతవరానికి వెళ్లి, ఏం మారిందో ఆ పాత వివరాలతో పోల్చి చూసుకోగలిగారు. మాట్లాడబోయే విషయాన్ని ముందుగా నేర్చుకునే అభ్యర్థి మనకు ఎంతమంది దొరుకుతారు? (నేటి టీవీ చర్చల సంగతి ఎత్తకపోవడమే మేలు.) ఇంకొక విషయం, అత్యవసర పరిస్థితి కాలంలో పార్టీ పంథా తనకు నచ్చనప్పుడు, ముఠా కట్టకుండా, కారణాలు కాగితం మీద రాసి ప్రధాన కార్యదర్శి పదవిని వదులుకున్నారు. ఆ కారణాలు సరైనవా కాదా అన్నది వేరే చర్చ.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సాయుధ పోరాటం విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది, రెండవ మిత్రుడు దాన్ని గుర్తుచేయడం మంచిదే అయింది. కానీ రెండు ఊళ్ల సర్వే సంగతి నాకు ఇంతవరకు తెలియదు, సైకిలు కంటే అదే నాకు బలమైన కారణంగా కనిపిస్తోంది. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో దాని ప్రతి చదువుకోవడానికి దొరుకుతుందా? ఎవరైనా ఈమధ్య అక్కడికి వెళ్లి ఉంటే చెప్పండి.