అప్‌డేట్: కరోనా నుంచి మూతపడ్డ మా ఊరి కమ్యూనిటీ హాలు తెరుచుకుంది (దేవరకొండ వైపు)

2020 మార్చి లాక్‌డౌన్‌లో తాళం పడ్డ హాలును చదువుకునే గదిగా మార్చాలని, స్లాబు కారుతోందని, డబ్బులు తక్కువని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందు ఇంజినీరుకు చూపించమన్న సలహానే అక్కరకొచ్చింది. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు పైకెక్కి చూస్తే స్లాబు గట్టిగానే ఉంది. వాన నీళ్లు దిగే గొట్టం నిండా వేపాకు, మట్టి పేరుకుపోయి పైన మడుగు కట్టేది. పిట్టగోడ మొదట్లో రావి మొక్క వేరు దిగి సందు పడింది, నీళ్లన్నీ అక్కడి నుంచే. మేస్త్రి మొక్కను వేరుతో సహా పెకిలించి, సందు పూడ్చి, పైన వాలు సరిచేశాడు. తర్వాత పెద్ద వానే పడినా చుక్క కారలేదు. స్లాబు మొత్తం మళ్లీ పోయాలేమోనన్న టెన్షన్ తీరిపోయింది.

డబ్బుల సంగతి: పంచాయతీకి కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (2021-26) 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని రూల్ ఉండేది. బాత్‌రూమ్, నల్లా అందులో చేయించాం. హాలు రిపేరుకు గ్రామసభ తీర్మానంతో మిగతా 40 శాతంలోంచి తీశారు. జీతాలకు ఆ డబ్బు వాడకూడదు కాబట్టి తాళం బాధ్యత మహిళా సంఘం వాళ్లు తీసుకున్నారు. పగలు వాళ్ల మీటింగులు, సాయంత్రం గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు. ఫంక్షన్ల అద్దెతో కరెంటు బిల్లు కడుతున్నాం.

ఎంపీ నిధులు, ఆన్‌లైన్ చందాల అవసరమే రాలేదు. ఇలాంటి హాలే ఉన్నవాళ్లు ముందు పైకెక్కి ఆ గొట్టం చూడండి.