చార్లీ కర్క్ నిజంగా ఇవన్నీ అన్నాడా? ఫార్వర్డ్ కార్డుని ఎలా చెక్ చేయాలి

గుంటూరు_ఘాటు:
అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొన్నటిదాకా గుడ్ మార్నింగులూ పెళ్ళి ఫోటోలే ఉండేవి. పోయిన వారం మా అమ్మాయి (అట్లాంటాలో ఎమ్మెస్) ఒక కార్డు పెట్టింది, అమెరికా రైట్‌వింగ్ కామెంటేటర్ చార్లీ కర్క్ ఫోటో, పక్కన తెలుగులో ఆయన అన్నాడంటూ ఐదు పాయింట్లు. అదే, 2025 సెప్టెంబర్ 10న యూటాలో కాలేజీ మీటింగులో కాల్చి చంపారు కదా, ఆయన. డల్లాస్‌లో ఉండే మా బావమరిదికి ఆయనంటే కాస్త అభిమానం. "పోయినోడి మీద పుకార్లు వేస్తారా" అని వాడు, "అన్నవి అన్నట్టు పెట్టా మావయ్యా" అని ఇది, మధ్యలో మా ఆవిడ ఇద్దరికీ ఫోన్లు.

కార్డులో ఉన్నవి: 1) నల్లజాతి ఆడవాళ్ళకి బుర్ర లేదు అన్నాడు. 2) ఆసియా అమ్మాయిని చైనావాళ్ళని తిట్టే బూతుమాటతో అరిచాడు, వీడియో ఉంది. 3) నల్ల పైలట్ నడిపే విమానం ఎక్కను అన్నాడు. 4) ఇండియా వాళ్ళు ఇంక రావద్దు అన్నాడు. 5) యూదుల మీద ద్వేషం కక్కాడు, న్యూయార్క్ టైమ్స్ రాసింది.

ఒక్కదానికీ తేదీ లేదు, ఎక్కడ అన్నాడో లేదు. వీటిల్లో ఏది నిజం, అసలు మనలాంటోళ్ళం ఎలా తేల్చుకోవాలి? పార్టీ గొడవలు వద్దు ప్లీజ్.

హెడ్‌ఫోన్స్_అక్క:
అన్నయ్యా, నేను హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పదేళ్ళు చేశా, డాక్టర్లు నోట్లో కిళ్ళీ పెట్టుకున్నట్టు చెప్పింది విని టైపు చేయడమే పని, కాబట్టి మీ రెండో పాయింట్ నాకు వదిలేయండి. ఆ వీడియో 2018లో లాస్ ఏంజిల్స్‌లో పొలిటికాన్ అనే కార్యక్రమంలోది. అక్కడ ఆయన అరిచింది జెంక్ ఉయ్‌గుర్ అనే ఇంకో కామెంటేటర్ మీద. టర్కీ పేరు, ఇంగ్లిష్‌లో సి-ఇ-ఎన్-కె అని రాసి జెంక్ అని పలుకుతారు. ఆ గోలలో, ఆవేశంలో అరిచిన పేరు, దానికి ఎవరో కింద బూతుమాట సబ్‌టైటిల్ వేసి వదిలారు. సబ్‌టైటిల్ చదివాక చెవికి కూడా అదే వినబడుతుంది, అదే అసలు మాయ. స్క్రీన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, స్పీడ్ సగానికి తగ్గించి, ముందూ వెనకా ఒక నిమిషం కలిపి వినండి. మా దగ్గర రూల్ ఒకటుండేది, వినబడకపోతే ఖాళీ వదలాలి, ఊహించి రాయకూడదు. హైపర్‌కీ (ఎక్కువ) హైపోకీ (తక్కువ) మధ్య చివరి శబ్దమే తేడా, పేషెంట్ పరిస్థితి తారుమారైపోద్ది.

సో రెండోది కొట్టేయండి.

మొదటిది మాత్రం అలా కొట్టేయడానికి లేదు. అది తన సొంత షోలో 2023 జులైలో అన్నది, అంతకు రెండు వారాల ముందే అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. టీవీ యాంకర్ జాయ్ రీడ్, మిషెల్ ఒబామా, అప్పటి కాంగ్రెస్ సభ్యురాలు షీలా జాక్సన్ లీ, సుప్రీంకోర్టు జడ్జి కెటాంజీ బ్రౌన్ జాక్సన్, ఈ నలుగురి పేర్లూ పెట్టి, మిమ్మల్ని సీరియస్‌గా తీసుకునేంత బ్రెయిన్ ప్రాసెసింగ్ పవర్ మీకు లేదు, తెల్లవాళ్ళ సీటు దొంగిలించాల్సి వచ్చింది అన్నాడు. "నల్లజాతి ఆడవాళ్ళందరికీ" అన్న ముక్క ఆయన అనలేదు, కార్డు చేసినవాళ్ళు తగిలించారు. మరి అనలేదు కదా అని వదిలేద్దామా? నలుగురూ నల్లజాతి మహిళలే, ఒకరు హార్వర్డ్‌లో చదివి సుప్రీంకోర్టు దాకా వచ్చినావిడ. ఉన్నది ఉన్నట్టు రాసినా చాలు కంపు కొట్టడానికి, దానికి మసాలా ఎందుకు వేశారో నాకర్థం కాదు. మసాలా వేసినందుకే ఇప్పుడు మీ బావమరిది లాంటివాళ్ళు "చూశారా అబద్ధం" అని మొత్తం తోసేస్తారు.

ఇంకోటి, కార్డు తెలుగులో ఉంది, ఆయన మాట్లాడింది ఇంగ్లిష్. తెలుగు మాటలతో గూగుల్ చేస్తే ఆ కార్డే పది చోట్ల కనిపిస్తుంది, పది చోట్ల ఉంది కాబట్టి నిజమే అనిపిస్తుంది. ఇంగ్లిష్ మాటలు కోట్స్‌లో పెట్టి వెతకండి, ఎపిసోడ్ తేదీ దొరికితే రంబుల్ అనే వీడియో సైట్‌లోనో పాడ్‌కాస్ట్‌లోనో పూర్తిది వినండి.

రన్‌వే_రాజు:
పైలట్ మాట గురించి. "ఎక్కను" అనలేదండి. 2024 జనవరిలో, ఎయిర్‌లైన్స్ కొత్త పైలట్లలో ఆడవాళ్ళకీ మైనారిటీలకీ టార్గెట్లు పెట్టుకోడం గురించి షోలో మాట్లాడుతూ, నల్ల పైలట్ కనిపిస్తే ఇతనికి అర్హత ఉందనే ఆశిద్దాం అనిపిస్తుంది అన్నాడు. పక్కనోడు ఇదివరకు నువ్వలా అనుకునేవాడివి కాదుగా అంటే, అది నా స్వభావం కాదు, నేను నమ్మేదీ కాదు, ఈ పాలసీల వల్లే ఇలాంటి ఆలోచన వస్తోంది అనే లైన్‌లో చెప్పుకొచ్చాడు. క్లిప్పులు తిరిగేవాటిల్లో ఆ రెండో ముక్క ఉండదు. అది కలిపి విన్నాక మీకేమనిపిస్తుందో మీ ఇష్టం.

ఐదోది నిలబడదు, దానికి చూపించిన ఆధారమే తప్పు. న్యూయార్క్ టైమ్స్ రాసిన మాట నిజమే, తర్వాత వాళ్ళే కరెక్షన్ వేసుకున్నారు. ఎవరిదో సోషల్ మీడియా పోస్టు చదివి వినిపించి, ఆ తర్వాత దాన్ని విమర్శించాడు, చదివిందే ఆయన మాట అని వేసేశారు. పేపర్లో వచ్చింది అనేది ఆధారం కాదు, ఇప్పుడు ఆ పేజీ కింద ఏముందో కూడా చూడాలి, పాత స్క్రీన్‌షాట్‌లో కరెక్షన్ ఉండదు కదా.

కరీంనగర్_పోరడు:
అన్నా నేను జెర్సీల ఉంట, హెచ్‌వన్ మీద. నాలుగోది చెక్ చేస్తందుకు ఏం లేదు, ఎక్స్‌ల ఆయన అకౌంట్ల నుంచే వచ్చింది, 2025 సెప్టెంబర్ 2. ఇండియా నుంచి ఇంకిన్ని వీసాలు అమెరికాకు అవసరం లేదు, ఇండియా నుంచి వచ్చెటోళ్ళ లెక్క అమెరికా వర్కర్ల జాగ ఇంకే లీగల్ వలస తీస్కోలేదేమో, ఇగ చాలు, నిండిపోయినం అని. ఆ పొద్దు మా ఆఫీస్ తెలుగోళ్ళ గ్రూపుల అందరం చదివినం, ఒక్కడు గూడ ఏం రాయలే, జర సేపటికి ఒకడు ఐ-797 (వీసా అప్రూవల్ కాయితం) రెన్యువల్ గురించి అడిగిండు అంతే.

గాని ఇది జాతి మాటనా పాలసీ మాటనా అంటే నేను గూడ గట్టిగ చెప్పలేను. వీసాలు తగ్గియ్యాలె అనుడు వేరు. 2024 మే నెలల ఆన్ కూల్టర్ అనే రైట్‌వింగ్ రచయిత్రి, ప్రెసిడెంట్ పదవికి రిపబ్లికన్ పార్టీల పోటీ చేసిన వివేక్ రామస్వామి పాడ్‌కాస్ట్‌కే పోయి, నువ్వు చెప్పేటివి శానమట్టుకు ఒప్పుకుంట గాని నువ్వు ఇండియన్‌వి కాబట్టి ఓటు వెయ్యకపోదును అని మొఖం మీదనే అన్నది సూడు, గది వేరు. ఆయన పుట్టింది సిన్సినాటిల! దానికి ఏ ఫ్యాక్ట్‌చెక్ అక్కరలే. కార్డు మీద "ఇండియా వాళ్ళు రావద్దు" అని కుదించి రాస్తే ఈ తేడా మొత్తం పోతది, అన్న మాటనే పూర్తిగ పెట్టుమను.

గుంటూరు_ఘాటు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నిన్న రాత్రి అమ్మాయీ నేనూ వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కోటీ వెతికాం, రెండున్నర గంటలు పట్టింది, కార్డు ఫార్వర్డ్ చేయడానికి దానికి పట్టింది రెండు సెకన్లు. జెంక్ వీడియో అక్క చెప్పినట్టు చెయ్యి అడ్డం పెట్టి విన్నా, మొదట ఎంత విన్నా బూతే వినబడింది, నాలుగోసారికి పేరు పట్టుకున్నా. అమ్మాయి ముఖం కాస్త వాడిపోయింది పాపం, కానీ తనే కూర్చుని కార్డు మళ్ళీ చేసింది: రెండు, ఐదు కొట్టేసి, మిగతా మూడింటికీ తేదీలు వేసి, అన్న మాట పూర్తిగా, పైలట్‌ది ఆ రెండో ముక్కతో సహా.

పొద్దున గ్రూపులో పెట్టాం. బావమరిది కొట్టేసిన రెండింటినీ ఎర్ర గీత పెట్టి స్క్రీన్‌షాట్ తీసి "చెప్పానా" అని వేశాడు. మిగతా మూడింటి గురించి ఏమంటావురా అంటే, సాయంత్రం దాకా బ్లూ టిక్కులే.