థార్ ఎడారి గురించి రాసేవాళ్లు విలేకరులా, ఉద్యమకారులా?

కిలోవాట్:
మాది నందికొట్కూరు దగ్గర ఊరు. నాలుగేళ్లుగా రాజస్థాన్‌లో, థార్ ఎడారి ఉన్న జైసల్మేర్ జిల్లాలో ఒక సోలార్ సైటులో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా చేస్తున్నా. ఇక్కడ ఓరణ్‌లని ఉంటాయి. దేవుడి పేరిట వదిలేసిన ఊరుమ్మడి భూములు. పశువులు మేస్తాయి, చెట్టు మాత్రం ఎవరూ కొట్టరు. వాటిని సోలార్‌కి ఇస్తున్నారని ఊళ్లవాళ్లు ధర్నాలు చేస్తున్నారు. పోయిన వారం ఒక విలేకరి వచ్చాడు. పొద్దున ధర్నా టెంటులో కూర్చుని టీ తాగాడు, సాయంత్రం మా గేటు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. మమ్మల్ని ఒక్క ముక్క అడగలేదు. రెండు రోజులకి వ్యాసం వచ్చింది, మేమేదో ఎడారిని మింగేస్తున్నట్టు.

బొగ్గు వద్దనేదీ వీళ్లే, సోలార్ వద్దనేదీ వీళ్లే. రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ పార్కు ఒక్కటే 2,245 మెగావాట్లు. అంత కరెంటు బొగ్గుతో తీస్తే ఆ బూడిద ఎవరి ఊళ్ల మీద పడుతుంది? ఏమీ పండని ఇసుకలో ప్యానెళ్లు పెడితే తప్పేంటి? ఇది వార్త రాయడమా, జెండా మోయడమా?

మిడుతూరు అమ్మాయి:
అన్నా, నందికొట్కూరు అన్నారు కాబట్టి అడుగుతున్నా. బట్టమేక పిట్టను, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్‌ని, మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. మా నాయన చూశాడు. మీటరు ఎత్తు, తెల్లటి మెడ, నెత్తిన నల్ల టోపీ. మగది గొంతు సంచి ఉబ్బించుకుని కూత పెడితే చేనవతలికి వినపడేదంట. దాని కోసమే 1988లో మన దగ్గర రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ అది కనపడడమే గగనం. దేశం మొత్తం మీద 150 కూడా లేవు, ఉన్నవాటిలో ఎక్కువ భాగం మీరు పనిచేసే జిల్లా చుట్టుపక్కలే. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు కదా.

పదిహేను కిలోల దాకా తూగే పిట్ట. కళ్లు పక్కలకి ఉంటాయి, ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా ఆనదు. ఆనేసరికి ఆ బరువుతో పక్కకి తిరగలేదు. పెట్టేది మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డు. థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేర కరెంటు తీగలకి తగిలి ఏటా 84,000 దాకా రకరకాల పక్షులు చస్తున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అంచనా వేసింది. ఇది రాస్తే జెండా మోసినట్టా?

ఒక్కమాట:
పిట్ట కోసం దేశం చీకట్లో కూర్చోవాలా?

మిడుతూరు అమ్మాయి:
కోర్టు తీగ భూమిలో వేయమంది అంకుల్, దీపం ఆర్పమనలేదు.

కిలోవాట్:
భూమిలో వేయడం చెప్పినంత తేలిక కాదమ్మా. హైవోల్టేజీ కేబులుకి ఖర్చు అంతకంతకీ పెరుగుతుంది, ఎక్కడైనా ఫాల్ట్ వస్తే ఇసుకలో తవ్వుకుంటూ వెతకాలి. 2021 ఏప్రిల్‌లో అలాగే వేయమన్న సుప్రీంకోర్టే 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. మా లైన్లకి బర్డ్ డైవర్టర్లు బిగించాం. గాలికి తిరిగే బిళ్లలు, పక్షికి తీగ ఉన్నట్టు తెలియడానికి. కొన్ని ఊడిపోయాయి, ఒప్పుకుంటా.

డెస్క్ మనిషి:
పద్దెనిమిదేళ్లు పేపరు డెస్కులో పనిచేశాను. ఆ విలేకరి మిమ్మల్ని అడగకపోవడం తప్పే, అందులో మీ పక్షమే. నా దగ్గరికి ఆ కాపీ వస్తే వెనక్కి పంపేవాణ్ని.

కానీ కిలోవాట్ గారూ, 'ఏమీ పండని ఇసుక' అన్నారు చూడండి, అదీ ఒక జెండానే. మీకు తెలియకుండా మోస్తున్నారంతే. దేశంలోని బంజరు భూముల అట్లాస్ తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే, నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్లో. అందులో ఎడారి ఇసుక, ముళ్లపొదల నేల, అన్నీ బంజరు లెక్కలోకే వస్తాయి. ఉపగ్రహానికి పొద కనపడుతుంది గానీ ఆ పొద కింద మేక కనపడదు. మనమూ తక్కువ తినలేదు. ఊరుమ్మడి భూమిని పోరంబోకు అని, ఆ మాటనే తిట్టు చేసి పెట్టుకున్నాం.

ఆ ఇసుకలో సేవణ్ గడ్డి ఉంటుంది, పశువులు బతికేది దాని మీదే. ఖేజ్రీ ఉంటుంది. ఖేజ్రీ అంటే వేరే ఏదో కాదు, మన జమ్మి చెట్టే. దసరాకి బంగారమని చేతిలో పెట్టుకునే ఆకు, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దాని కాయలు సాంగ్రీ, అక్కడివాళ్లకి కూర. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లు కొట్టనివ్వకుండా అడ్డుపడి పచ్చని చెట్టు కొట్టకూడదని నమ్మే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారు. అలాంటి చోట సోలార్ కోసం అదే చెట్టు కొడితే జనం ధర్నాకి కూర్చోవడంలో వింతేముంది?

విలేకరి ఎవరితో టీ తాగాడన్నది నాకు అనవసరం. రెవెన్యూ రికార్డు తీసి చూశాడా లేదా అన్నదే చూస్తాను. ఓరణ్‌లలో చాలా భాగం కాగితాల్లో ఓరణ్ అని లేదు, ప్రభుత్వ బంజరని ఉంది. అందుకే కేటాయించడం అంత సులువు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వీటిని సర్వే చేసి అడవులుగా గుర్తించమని రాజస్థాన్‌కి చెప్పింది. అది ఊరికే రాలేదు, ఏళ్ల తరబడి ఊళ్లవాళ్లు మొత్తుకుంటే, కొందరు పనిగట్టుకుని రాస్తే వచ్చింది.

ఒక్కమాట:
అంటే ఉద్యమమే అని ఒప్పుకున్నట్టేగా.

డెస్క్ మనిషి:
రికార్డు తప్పని రుజువులతో చూపిస్తే దానికి మీరు ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

కిలోవాట్:
రెండు రోజులు జవాబు రాయలేదు, డ్యూటీ టెన్షన్. మా లీజు కాగితం చూశాను. ప్రభుత్వ బంజరు అనే ఉంది.

ఇంకోటి. మా దక్షిణం ఫెన్సింగ్ దగ్గరికి వారానికోసారి ఒక పెద్దాయన ఒంటెలతో వస్తాడు. గేటు తెరవమని చేత్తో సైగ చేస్తాడు, అవతల వాళ్ల నీటి గుంట ఉంది. మా వాచ్‌మన్ తెరవడు, రూల్ లేదు. ఆయన కాసేపు నిలబడి, ఫెన్సింగ్ పొడవునా చుట్టూ తిరిగి వెళ్తాడు. ఒంటెలు మాత్రం ఇప్పటికీ నేరుగా గేటు దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఇన్నాళ్లూ అది వార్త అని నాకు తట్టలేదు.

సోలార్ తప్పని ఇప్పటికీ అనను. విలేకరి నంబరు సంపాదించాను. నా పేరు రాయనంటేనే మాట్లాడతా.

డెస్క్ మనిషి:
పేరు లేకుండా రాయొచ్చు. ఆ గేటున్న చోట పాత ఊరి మ్యాపులో దారి ఉందో లేదో ముందు చూసుకోమనండి.