ఎమ్మెల్యే అసెంబ్లీలో మా ఆసుపత్రి గురించి అడిగితే "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చింది. ఇక అంతేనా?

పడమటి_పల్లె:

మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక పల్లెటూరు. మండల కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మొదట 30 పడకలు, తర్వాత 50 పడకలకు పెంచుతూ జీవో ఇచ్చారు, కొత్త బిల్డింగ్ కట్టారు, శిలాఫలకం వేశారు. స్టాఫ్ మాత్రం పాత 30 పడకల లెక్కలోనే ఉండిపోయింది. అందులోనూ గైనిక్ డాక్టర్ పోస్టు ఖాళీ, మత్తు డాక్టర్ వేరే చోట నుంచి డిప్యుటేషన్ మీద వారంలో రెండు రోజులు వస్తారు. కొత్త ఆపరేషన్ థియేటర్‌లో టేబుల్‌కి కంపెనీ వాళ్ళు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఇప్పటికీ అలాగే ఉంది, దాని మీద పేరుకున్న దుమ్ము చూస్తే కడుపు రగిలిపోతుంది.

కాన్పు కాస్త కష్టమయ్యేలా ఉందంటే చాలు, చీటీ రాసి ఒంగోలు పొమ్మంటారు. నొప్పులు పడుతున్న మనిషిని రాత్రిపూట ఆ రోడ్డు మీద అంత దూరం తీసుకెళ్ళడం అంటే ఏంటో వెంట వెళ్ళిన వాళ్ళకే తెలుస్తుంది. డబ్బున్న వాళ్ళు ప్రైవేటుకు పోతారు, లేని వాళ్ళు అప్పు చేసి ప్రైవేటుకు పోతారు.

మేం కొంతమందిమి కలిసి ఎమ్మెల్యే గారికి అర్జీ ఇచ్చాం. ఆయన అసెంబ్లీలో ప్రశ్న వేశారు, అది నిజం. మొన్న ఆ జవాబు కాగితం మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో ఉన్నది ఇంతే: (అ) ఆసుపత్రిని 50 పడకలకు పెంచిన మాట వాస్తవమేనా? అవునండీ. (ఆ) అందుకు తగ్గ సిబ్బందిని నియమించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉన్నదా? పరిశీలనలో ఉంది. (ఇ) లేనిచో కారణాలేమిటి? ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ రోజు టైమ్ అయిపోయి మా ప్రశ్న వరకు రాలేదట, జవాబు సభ ముందు ఉంచినట్టు రాసుకుని వదిలేశారట. ఎమ్మెల్యే అనుచరులేమో "అన్న అసెంబ్లీలో గళమెత్తారు" అని పోస్టర్లు వేస్తున్నారు. అసలు ఇలా ప్రశ్న వేస్తే పని జరుగుతుందా, లేక రికార్డు కోసమేనా? తెలిసిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_సూపరింటెండెంట్:

తమ్ముడూ, నేను జిల్లా ఆఫీసులో ఈ జవాబులు తయారుచేసే సెక్షన్‌లోనే చాలా ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఎమ్మెల్యే అసెంబ్లీలో వేసే ప్రశ్నను ఆఫీసుల్లో ఎల్ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటారు. ఎమ్మెల్యే ఇచ్చిన ప్రశ్న అసెంబ్లీ సెక్రటేరియట్‌కి పోతుంది, అక్కడి నుంచి సంబంధిత శాఖ సెక్రటరీకి, అక్కడి నుంచి కమిషనర్ లేదా డైరెక్టర్ ఆఫీసుకి, అక్కడి నుంచి జిల్లాకి వస్తుంది. మా దాకా వచ్చేసరికి "మోస్ట్ అర్జెంట్, సాయంత్రంలోగా పంపాలి" అని ఫోన్. అప్పటిదాకా బీరువాలో పడున్న ఫైలు ఆ రోజు టేబుల్ మీదికి వస్తుంది. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్ళెంతమంది, ఖాళీలెన్ని అని ప్రొఫార్మా నింపి పంపాలి. తప్పు లెక్క పంపితే మంత్రి సభలో ఇబ్బంది పడతాడు, ఆ తర్వాత మా పని అయిపోతుంది. అందుకే మామూలు అర్జీకి దొరకని ఖచ్చితమైన లెక్క ఎల్ఏక్యూకి దొరుకుతుంది. ప్రశ్న వేయడం వృథా అనే మాట నేను ఒప్పుకోను.

మరి మీకు మూడు ముక్కల జవాబు ఎందుకొచ్చింది? మూడు ముక్కల జవాబు సరిపోయేలా ప్రశ్న రాశారు కాబట్టి. "ప్రతిపాదన ఏదైనా ఉన్నదా" అంటే శాఖ "ఉంది" అనో "లేదు" అనో "పరిశీలనలో ఉంది" అనో చెప్పి బయటపడుతుంది. 50 పడకలకు మంజూరైన పోస్టులు ఎన్ని, అవి ఏ జీవోలో ఉన్నాయి, గైనిక్ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ, కొత్త పోస్టుల ప్రతిపాదన ఆర్థిక శాఖకు ఏ తేదీన వెళ్ళింది, ఆర్థిక శాఖ ఏం రాసింది అని అడగాలి. అసలు తాళం అక్కడే ఉంది. పడకలు పెంచడానికి వైద్య శాఖ జీవో ఇచ్చేస్తుంది, కానీ కొత్త పోస్టు పుట్టాలంటే ఆర్థిక శాఖ సమ్మతి కావాలి. బిల్డింగ్ ఖర్చు ఒక్కసారి పెట్టేది, జీతం ప్రతి నెలా ఇవ్వాల్సింది, ఆ ఫైలు అందుకే ఆగుతుంది. మీ ప్రశ్న వైద్య శాఖ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, ఆర్థిక శాఖ దాకా పోలేదు.

ఇంకోటి. నక్షత్రం గుర్తున్న ప్రశ్న అయితే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, మీ ఎమ్మెల్యే లేచి అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. టైమ్ చాలక సభ ముందు ఉంచేస్తే ఆ అవకాశం పోతుంది. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు మాత్రమే వస్తుంది, కానీ లెక్కలూ తేదీలూ రాబట్టడానికి నన్నడిగితే అదే మేలు. టీవీలో కనపడదు కాబట్టి మన నాయకులు దాని జోలికి పెద్దగా పోరు.

నిజం_చెప్తా:

సార్ చెప్పింది బానే ఉంది కానీ అసలు సభ జరిగితే కదా. రాజ్యాంగం ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు అని ఉంది, దాన్ని పట్టుకుని ఏ ప్రభుత్వమైనా నాలుగు రోజులు సభ పెట్టి మమ అనిపిస్తుంది. అందులో ప్రశ్నోత్తరాల టైమ్ ఎంత, మీ మండలం ప్రశ్నకు మిగిలేదెంత? ఇక ప్రతిపక్షం సంగతి. 2017 నవంబరులో ఫిరాయింపుల మీద చర్య తీసుకోలేదని వైసీపీ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. 2024లో వైసీపీకి 175 సీట్లకు 11 వచ్చాయి, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వాళ్ళు మళ్ళీ సభకు రావడం మానేశారు. ఎవరి కారణాలు వాళ్ళకు ఉండొచ్చు, నేను ఏ పార్టీ మనిషినీ కాదు. కానీ ఓటేసిన వాడి ఆసుపత్రి గురించి ఆ రోజు లేచి అడిగేదెవరు? అధికార పార్టీ ఎమ్మెల్యే అడిగినా సొంత మంత్రిని ఎంతవరకు నిలదీస్తాడు? "మంత్రిగారు చొరవ చూపాలని కోరుతున్నా అధ్యక్షా" అని కూర్చుంటాడు.

వెలిగొండ నీళ్ళ ప్రాజెక్టు మీ పక్కనే కదా బ్రదర్, మీకు నేను చెప్పేదేముంది. 1996లో శంకుస్థాపన. సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసిన నాటికి కూడా నిర్వాసితుల పునరావాసం పూర్తి కాలేదు, నీళ్ళు పారలేదు. ఇన్నేళ్ళలో అసెంబ్లీలో దాని మీద అడగని ఏడాది ఉందా?

పోడు_దారి:

అన్నా, వెలిగొండ ఉదాహరణ చెప్పారు కాబట్టి ఒక మాట. ఆ ప్రాజెక్టుకు పూల సుబ్బయ్య పేరు ఎందుకుంది? ఆయన ఆ ప్రాంతపు కమ్యూనిస్టు ఎమ్మెల్యే, కరువు నేలకు కృష్ణా నీళ్ళు తేవాలని పట్టుబట్టి తిరిగిన మనిషి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన ఊళ్ళ కోసం అలా ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోకపోతే ఆ ఫైలు అసలు పుట్టేదే కాదు. ఆలస్యమైంది, అన్యాయమే, అయితే అడిగినందుకు ఆలస్యం కాలేదు కదా.

మాది ఇల్లెందు వైపు. గుమ్మడి నర్సయ్య గారు మాకు ఐదుసార్లు ఎమ్మెల్యే. బస్సుల్లో తిరిగిన మనిషి. ఆయనకు అధికారం లేదు, వెనకాల పెద్ద పార్టీ లేదు. పోడు భూములు, గిరిజనుల పట్టాలు, ఏజెన్సీ రోడ్ల గురించి మాట్లాడాలంటే ఆయనే మాట్లాడాలి. మా నాన్న చెప్పేవాడు, ఊళ్ళోకి వస్తే ఏ గూడెంలో ఎవరికి ఏ అధికారి ఏమన్నాడో కూర్చుని రాసుకునేవాడట. సభలో మాట్లాడేటప్పుడు చేతిలో వివరం ఉంటే మంత్రి తప్పించుకోవడం కష్టం. మీ ఎమ్మెల్యేకి ఆ వివరం మీరే అందించాలి, ఆయన పీఏకి అంత ఓపిక ఉండదు.

మండలి_చూసేవాడు:

అందరూ అసెంబ్లీనే పట్టుకున్నారు, మండలిని మర్చిపోతున్నారు. ఏపీలో 58 మంది ఎమ్మెల్సీలు ఉన్నారు, వాళ్ళలో టీచర్లూ పట్టభద్రులూ ఎన్నుకున్న వాళ్ళు కూడా ఉంటారు. పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) ఎమ్మెల్సీలు కొన్నేళ్ళుగా స్కూళ్ళు, సీపీఎస్ (ఉద్యోగుల కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్), కాంట్రాక్టు ఉద్యోగుల విషయాల్లో అడిగిన తీరు చూడండి, ఏ ప్రభుత్వం ఉన్నా అడిగారు. మీ ప్రాంతానికి వచ్చే టీచర్ల ఎమ్మెల్సీ, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎవరో చూసి, ఇదే సమస్య వాళ్ళకూ ఇవ్వండి. రెండు సభల్లోనూ ఒకే ఆసుపత్రి మీద ప్రశ్న వస్తే శాఖకు గట్టిగా తగులుతుంది. సమావేశాలు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి, ప్రశ్నల జాబితా లెజిస్లేచర్ వెబ్‌సైట్‌లో పెడతారు, మీ ప్రశ్న ఏ రోజు ఉందో ముందే చూసుకోవచ్చు.

పడమటి_పల్లె:

అందరికీ థ్యాంక్స్. నిజం_చెప్తా గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది, మా ఊళ్ళో సగం మంది అదే అంటారు. కానీ ఇలాగే వదిలేస్తే ఆ థియేటర్ టేబుల్ కవర్ ఎప్పటికీ తీయరు. సూపరింటెండెంట్ సార్, ఇప్పుడు "పరిశీలనలో ఉంది" అని రాసిచ్చారు కదా, దాన్ని పట్టుకుని ఏమైనా చేయొచ్చా? లేక మళ్ళీ సమావేశాల దాకా ఆగాల్సిందేనా?

పాత_సూపరింటెండెంట్:

ఆగనక్కర్లేదు. ఆ మాటను చిన్నచూపు చూడకండి. లోక్‌సభలో ఏయే మాటలను హామీగా లెక్కపెట్టాలో ఒక జాబితా ఉంది, "పరిశీలనలో ఉంది" అనేది అందులో ఉంది, అక్కడ హామీ నెరవేర్చడానికి మూడు నెలల గడువు. మన శాసనసభలో కూడా ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ జవాబును హామీగా తీసుకుని ఏమైందో శాఖను అడగమని మీ ఎమ్మెల్యే గారి చేత కమిటీకి లెటర్ పెట్టించండి. కమిటీ పిలిస్తే సెక్రటరీ స్థాయి అధికారి వచ్చి కూర్చుని చెప్పాలి. సభలో ఐదు నిమిషాల అరుపు కన్నా ఇది ఎక్కువ పనిచేయడం నేను చూశాను. పిటిషన్ల కమిటీ కూడా ఉంది, అక్కడ ఊరివాళ్ళ సంతకాలతో మీరే అర్జీ ఇవ్వొచ్చు, ఎమ్మెల్యే చేత దాన్ని సభ ముందుకు పంపించాలి.

ఈలోపు ఆర్టీఐ వేయండి. రాష్ట్ర, జిల్లా స్థాయి ఆఫీసులకు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆసుపత్రి స్టాఫ్ వివరం ఇవ్వమని ఒకటి, పోస్టుల ఫైలు ఏ తేదీన ఎక్కడికి వెళ్ళిందో నోట్ ఫైల్ (అధికారులు ఫైలు మీద రాసుకున్న నోట్లు) కాపీతో సహా ఇవ్వమని సెక్రటేరియట్‌కి ఇంకొకటి. రెండింటినీ కలిపి రాయొద్దు. జిల్లా వాళ్ళు "మా దగ్గర లేదు" అని ఒక ముక్క రాసి మొత్తం తిప్పి పంపుతారు. నోట్ ఫైల్ అని స్పష్టంగా రాయకపోతే ఉత్తరాల కాపీలు ఇచ్చి ఊరుకుంటారు, ఎవరి దగ్గర ఆగిందో మీకు తెలియదు.

పోయిన ఏడాది మీ ఆసుపత్రి నుంచి ఎన్ని కాన్పు కేసులు బయటికి పంపారో కూడా అడగండి. రిఫరల్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది, 108 వాళ్ళ దగ్గర కూడా లెక్క ఉంటుంది. పేషెంట్ల పేర్లు అడగకండి, నెలవారీ సంఖ్య చాలు. ఆర్థిక శాఖ "ఆ ఆసుపత్రికి అంత అవసరం లేదు" అని ఫైలు మీద రాస్తే, దానికి ఎదురు పెట్టడానికి మీ దగ్గర ఉండాల్సింది ఆ సంఖ్యే.

నిజం_చెప్తా:

సార్, ఈ కమిటీ సంగతి నాకు నిజంగా తెలియదు. మా దగ్గర వాగు మీద చప్టా గురించి కూడా ఇలాగే "ప్రతిపాదనలు పరిశీలిస్తున్నాం" అని రాసిచ్చారు, వర్షాకాలం వస్తే పిల్లలు బడికి పోలేరు. ఆ జవాబు రెండేళ్ళ కిందటిది. అదే సభ ఇంకా నడుస్తోంది కాబట్టి ఇప్పుడు కూడా హామీల కమిటీకి రాయొచ్చా?

పాత_సూపరింటెండెంట్:

రాయొచ్చు. జవాబు తేదీ, ప్రశ్న నంబరు తప్పకుండా వేయండి, అవి లేకపోతే వెతకడం దగ్గరే ఆగిపోతుంది. నంబరు దొరక్కపోతే ఇక్కడ చెప్పండి, సమావేశం నెల చెప్తే వెబ్‌సైట్‌లో ఎలా వెతకాలో చూపిస్తాను. పడమటి_పల్లె తమ్ముడూ, ఆర్టీఐ డ్రాఫ్ట్ రాశాక పంపేముందు ఇక్కడ పెట్టు, చూసి ఇస్తాను.